హాలీ, కల్దార్, నైరా

నూరు కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. నిజాం రాజ్యంలో పెరిగిన మా తాతను నిద్రలో లేపి అడిగినా ఈ లెక్క చెప్పేవాడు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు, అంతే. దేవరకొండ అంగట్లో పల్లికాయ అమ్మినా, కృష్ణ దాటి అవతల మాచర్లలో ఎడ్లు కొన్నా అదే లెక్క. ఇటు ఒడ్డున నిజాం సిక్కా హాలీ, అటు ఒడ్డున ఇంగ్లీషువాళ్ల రూపాయి కల్దార్. లాగోస్‌లో ఉద్యోగం చేస్తూ, పొద్దున పళ్లు తోముకోకముందే డాలర్ ఎంతుందో చూసుకునే నాకు ఆ తరం మీద కాస్త అసూయే.

హాలీ కంటే ముందు మా పాలమూరులో ఇంకా పెద్ద గందరగోళం. గద్వాల, వనపర్తి, నారాయణపేట... ఒక్కోచోటి నాణెం ఒక్కో తీరు. ఇప్పుడు బస్సులో ఒక పూటలో తిరిగొచ్చే ఊళ్ల మధ్య షావుకారు నాణేన్ని గీటి, తూచి, తన మారకం బట్టా తాను పట్టుకుని మార్చాల్సి వచ్చేది. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ జిల్లాల టంకశాలలు మూయించి హైదరాబాదు సిక్కాను అంతటా నడిపించాడు. 1903లో సైఫాబాద్ టంకశాల వచ్చింది, రూపాయి మీదికి చార్మినార్ ఎక్కింది. మొదటి ప్రపంచయుద్ధంలో వెండి కరువై 1918లో కాగితం నోట్లు కొట్టారు. ఉర్దూతోపాటు వాటి మీద తెలుగూ ఉండేది. 1941లో పెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ సిక్కా బాధ్యత చూసింది. నల్లగొండలో పింఛను కోసం లైను కట్టినవాళ్లందరికీ తెలిసిన ఎస్‌బీహెచ్ అదే. 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది.

హాలీ విలువ కల్దార్ కంటే తక్కువ. దాన్ని ఎవరూ నామోషీ అనుకున్నట్టు నేను వినలేదు. అందరికీ తెలిసిన తేడా కాబట్టి బేరంలో ముందే కలుపుకొనేవాళ్లు.

రాజకీయం చొరబడినప్పుడే అసలు కష్టం. 1947 నవంబర్ 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం మీద సంతకం పెట్టిన నిజాం ప్రభుత్వం, కొద్ది వారాలకే భారత రూపాయి తన రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. పాకిస్తాన్‌కు 20 కోట్ల అప్పు కూడా అప్పుడే. ఢిల్లీతో పేచీ ముదరడానికి ఈ రెండూ ఆజ్యం పోశాయి. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం కథ ముగిసింది గానీ, హాలీని రాత్రికి రాత్రి చిత్తుకాగితం చేయలేదు. ఆ ఏడు-ఆరు లెక్కమీదనే రూపాయితో కలిపి నడవనిచ్చి, చివరికి 1959లో రద్దు చేశారు. చెల్లకుండా చేయడానికి అన్నేళ్లు తీసుకున్నారు! 2016 నవంబర్ నోట్ల రద్దు చూసినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది.

ఇక నేనుండే చోటు. 1912లో ఇంగ్లీషువాళ్లు లండన్‌లో ఒక కరెన్సీ బోర్డు పెట్టి నైజీరియా, గోల్డ్‌కోస్ట్, సియెర్రాలియోన్, గాంబియాలకు ఒకే షిల్లింగు నడిపారు, బ్రిటిష్ షిల్లింగుకు సమానంగా. స్వాతంత్ర్యం వచ్చాక ఎవరి దారి వారిది. గోల్డ్‌కోస్ట్ ఘనా అయ్యి 1965లో సెడీ తెచ్చుకుంది. నైజీరియా 1973 జనవరి 1న పౌండుకు రెండు చొప్పున నైరా తెచ్చింది. చమురు డబ్బు పొంగిన ఆ కాలంలో ఒక్క నైరా ఇస్తే డాలర్ కంటే ఎక్కువే వచ్చేది. ఘనా నుంచి లక్షల మంది పనికోసం ఇటు వచ్చారు. చమురు ధర పడగానే, 1983 జనవరిలో వాళ్లను వెళ్లిపొమ్మన్నారు. ఉన్న నాలుగు బట్టలూ కుక్కుకుపోయిన గళ్ల సంచీకి 'ఘనా మస్ట్ గో' అనే పేరు పడింది. ఇవాళ్టికీ లాగోస్ బజార్లో అదే పేరుతో అమ్ముతారు. మూట నెత్తిన పెట్టుకుని ఊళ్లు పట్టిపోయిన పాలమూరు కూలీల జిల్లావాణ్ణి, ఆ సంచీ చూస్తే నవ్వు రాదు నాకు.

సెడీ కూడా సుఖపడింది లేదు. 2007లో నాలుగు సున్నాలు కొట్టేసి పదివేల పాత సెడీలకు ఒక కొత్త సెడీ అన్నారు. అప్పుడది ఇంచుమించు డాలరంత. 2024కి డాలర్‌కు పదిహేను దాకా పోయింది. లాగోస్ నుంచి ఆక్రాకు రోడ్డు మీద ఐదువందల కిలోమీటర్ల లోపే, మధ్యలో బెనిన్, టోగో. అక్కడ ఫ్రెంచివాళ్లు 1945లో పెట్టిన సీఎఫ్‌ఏ ఫ్రాంకు, యూరోకు 655.957 చొప్పున బిగించి ఉంది. నిలకడ కావాలంటే అది చూడమంటారు కొందరు. 1994 జనవరిలో దాని విలువ ఒక్కరోజులో సగమైన సంగతి వాళ్లు చెప్పరు. బిగించిన మేకు కూడా ఊడుతుంది, కాకపోతే అది ఊడేది మరొకరి చేతుల్లో ఉంటుంది.

నన్నడిగితే పడిపోవడం కంటే పెద్ద రోగం రెండు రేట్లు. 2023 జూన్ ముందు నైజీరియాలో సర్కారు లెక్కన డాలర్‌కు 460 పైచిలుకు నైరాలు, వీధిలో డబ్బు మార్చే అబోకీ దగ్గర 750. బ్యాంకుకు పోతే డాలర్లు లేవనేవాళ్లు. పలుకుబడి ఉన్నవాడికి మాత్రం 460కే దొరికేవి. వాడు వాటిని వీధి దాటించాడా, కూర్చున్నచోటే వందకు అరవై లాభం. నా జీతం డాలర్లలో రాసుకున్నదే, చేతికిచ్చేది సర్కారు రేటున నైరాల్లో. ఇంటికి పంపాలంటే వీధి రేటున కొనుక్కోవాల్సి వచ్చేది. ఆ జూన్‌లో కొత్త అధ్యక్షుడు టినుబు ప్రభుత్వం రేట్లు కలిపేసింది. 2024 మొదట్లోనే నైరా 1,500 దాటింది. దానికి పదేళ్ల ముందు మన రూపాయికి రెండున్నర నైరాలు వచ్చేవి, ఆ ఏడు పద్దెనిమిది. బియ్యం బస్తా ముందు నిలబడ్డ లాగోస్ ఆడవాళ్ల ముఖాలు చూస్తే ఏ అర్థశాస్త్రమూ నోటికి రాదు. అయినా రేటు ఒక్కటి చేయడం సరైన పనే అంటాను. చేసిన తీరే మొరటు.

మిర్యాలగూడ, మక్తల్ వైపు నుంచి ఆఫ్రికా ఉద్యోగాలకు వచ్చే పిల్లలు ఇప్పుడు కనబడుతున్నారు. జీతం ఎంతని అడుగుతారు, మంచిదే. దాంతోపాటు ఏ నాణెంలో ఇస్తారు, ఏ రోజు రేటున, ఏ బజారు రేటున లెక్కగడతారు అన్నది కూడా అడిగి, కాగితం మీద రాయించుకుని విమానం ఎక్కండి.