అక్క కనిపెట్టాలె

మొన్న వేసవిలో పాలమూరులో మా అమ్మావాళ్ళ ఇల్లు ఖాళీ చేశాం. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఇల్లు అమ్మకానికి పెట్టిన దగ్గర్నుంచీ తమ్ముడికీ నాకూ మధ్య మాటలన్నీ కాగితాల గురించే. వాడు డాలస్‌లో, నేను నల్లగొండలో.

"కాగితం పంపినవా అక్కా?"

"పంపిన."

"సంతకం ఎక్కడ పెట్టాలె?"

"మూడో పేజీల."

అంతే. పోట్లాడుకున్నా బాగుండేది, కనీసం ఓ నాలుగు మాటలు ఎక్కువయ్యేవి. మాకు ఆ ముచ్చట కూడా లేదు.

సామాన్లు సర్దడానికి నేనూ మావాడూ వెళ్ళాం. వంటింటి సజ్జ మీంచి ఇత్తడి గుండిగా, ఊరగాయ జాడీలూ దించుతూంటే వెనకనుంచి ఓ అట్టపెట్టె బయటపడింది. తమ్ముడి ఇంజనీరింగు చదువుల నాటిది. ఓ కాలిక్యులేటరు, మూత పోయిన పెన్నులు, బస్సు పాసు, కొన్ని సీడీలు. అన్నిటికంటే పైనున్న సీడీ డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన రూళ్ళ కాగితం ఒకటి.

కాగితం నిండా వాడి కోడిగీతల తెలుగు. పైన "అక్కకు" అని రాసి ఉంది. కింద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. ఒక్కో అంకె ఎదురుగా ఆ పాటలో ఎవరు మాట్లాడుతున్నారో, అది 1928లో జరుగుతోందో ఇప్పటి కాలంలో జరుగుతోందో రెండేసి ముక్కల్లో రాశాడు. పన్నెండో అంకె దగ్గర మాత్రం "చంపిందెవరో రాయ. అక్క కనిపెట్టాలె" అని వదిలేశాడు.

ఆ కాగితం నాకెందుకు అందలేదో చెప్పాలంటే 2001కి వెళ్ళాలి. కాస్త సిగ్గుగానే ఉంది కానీ వెళ్ళక తప్పదు.

అప్పుడు నేను పురిటికి పుట్టింటికొచ్చి ఉన్నాను. బాబుకి రెండు నెలలు. పగలు తను నిద్రపోడు, రాత్రి ఇంకొకర్ని పోనివ్వడు. తమ్ముడు హైదరాబాదునుంచి సెలవులకొచ్చాడు. కొత్తగా కొన్న కంప్యూటరుకి రెండు స్పీకర్లు తగిలించి ఓ మధ్యాహ్నం పాటలు పెట్టాడు చూడండి, గోడకున్న క్యాలెండరు కదిలింది! అప్పుడే ఉయ్యాల్లో కళ్ళు మూసిన పసివాడు కెవ్వుమన్నాడు. నేను విసురుగా వెళ్ళి స్పీకరు తీగె పీకేశాను.

"అక్కా, ఇది లొల్లి కాదే, కథ. నువ్వు కథలు రాస్తవు గదా, ఒక్కసారి ఇను" అన్నాడు వాడు.

"కంకర మిషన్ల కథేందిరా?" అన్నాను.

నాయన నవ్వాడు. అమ్మ నవ్వింది. నా మాట నాకే బాగా నచ్చి మర్నాడు పక్కింటివాళ్ళకి కూడా చెప్పాను. వాడొక్కడే నవ్వలేదు. తర్వాత ఈ ఇరవై నాలుగేళ్ళలో నన్ను ఏ పాటా వినమని అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా నాకు ఆ కాగితం చూసేదాకా తట్టలేదు.

ఆనాడు కెవ్వుమన్న పసివాడే ఇప్పుడు కారు నడుపుతున్నాడు. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండల మీదుగా నల్లగొండకి మా తిరుగు ప్రయాణం. మా పాత కారులో సీడీ పెట్టే సందు ఇంకా ఉంది. అది సీడీని మింగింది, కాసేపు గరగరలాడింది, బయటికి కక్కేసింది. "ఇరవై నాలుగేళ్ళు సజ్జమీద ఉన్నదమ్మా, ఇంకేం పలుకుతది?" అని మావాడు జడ్చర్లలో కారాపి, అదే ఆల్బంని ఫోనులో అరనిమిషంలో వెతికి పట్టాడు. నేను మేనమామ కాగితాన్ని ఒళ్ళో పరుచుకుని, కళ్ళజోడు సవరించుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నాను.

పాడేవాళ్ళు డ్రీమ్ థియేటర్ అనే అమెరికా బృందం. 1985లో బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాలలో చదువుకుంటున్న ముగ్గురు కుర్రాళ్ళు మొదలుపెట్టారట. ఈ ఆల్బం 1999 అక్టోబరులో వచ్చింది. పేరు "మెట్రోపోలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రం ఎ మెమొరీ". మొత్తం 77 నిమిషాలు. ఈ తరహాని ప్రోగ్రెసివ్ మెటల్ అంటారని మావాడు పాఠం చెప్పాడు. మెటల్ అంటే ఆ గిటార్ల మోత. ప్రోగ్రెసివ్ అంటే పల్లవీ చరణం మళ్ళీ పల్లవీ అని బుద్ధిగా నడవకుండా, తాళాలు మార్చుకుంటూ, ఒక్కో పాట పది పన్నెండు నిమిషాలు సాగడం. పాట పాటకీ ముగింపు లేకుండా ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి జారిపోతుంది. సీరియల్లో వారం వారానికీ లంకె వేసినట్టే!

మొదట్లో మోతే లేదు. గడియారం టిక్కుటిక్కుమంటుంది. ఒక వైద్యుడి గొంతు నెమ్మదిగా పదినుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెడుతుంది. నికొలస్ అనే యువకుణ్ణి నిద్రలాంటి మత్తులోకి పంపి, వాడికి వస్తున్న పీడకలల మూలం వెతుకుతున్నాడన్నమాట. ఆ మత్తులో నికొలస్‌కి తెలిసేదేమిటంటే, తను పోయిన జన్మలో విక్టోరియా అనే ఆడపిల్ల. 1928లో ఆ పిల్లని ఎవరో చంపేశారు.

నేను కారులో చప్పట్లు కొట్టినంత పని చేశాను. పూర్వజన్మ కథండీ! మనకి కొత్తా? 1964లో ఆదుర్తి సుబ్బారావుగారి "మూగ మనసులు" వచ్చింది. నాగేశ్వరరావూ సావిత్రీ గోదావరి మీద పడవలో పోతూ పోయిన జన్మ గుర్తు తెచ్చుకుంటే మా అమ్మ తరం కొంగులు తడిసిపోయాయి. ఆ సంగతి వీడు 2001లోనే చెప్పి ఉంటే వినేదాన్ని కదా అనుకున్నాను. చెప్పబోయాడు. తీగె పీకింది నేను.

కాసేపటికి అసలు మోత మొదలైంది. చెవులు మూసుకోబోయి ఆగాను. "ఆ గిటారెందుకురా అట్లా బొంగురుపోయింది?" అని అడిగితే మావాడు ఓపిగ్గా చెప్పాడు. తీగెనుంచి వచ్చే ధ్వనిని యంత్రం మోయగలిగినదానికంటే ఎక్కువ పెంచితే దాని కొసలు తెగిపోతాయట. అలా తెగినప్పుడు అసలు స్వరంతోపాటు దాని పైన ఉండే అనుస్వరాలెన్నో పుట్టుకొచ్చి, ధ్వని చిక్కబడి చాలాసేపు నిలబడుతుందట. నాకు మా సంగీతం టీచరుగారి తంబురా గుర్తొచ్చింది. ఆవిడ మెట్టు మీద తీగె కింద సన్నని దారం జరుపుతూ జీవ పలికించేవారు. దారం సరిగ్గా కుదరగానే తీగె జుమ్మని మోగి గదంతా నిండిపోయేది. తంబురాకి దారం, గిటారుకి కరెంటు. ఇలా అనుకున్నాక ఆ మోత నన్ను కొట్టడం మానేసింది. దాని లోపల పాట కూడా ఉందని అప్పుడు వినిపించింది.

పాడేది జేమ్స్ లబ్రీ అనే కెనడా గాయకుడు. ఈ సంగీతమంటే గొంతు చించుకు అరవడమని నేననుకున్నాను. ఈయన చక్కగా శ్రుతిలో పాడతాడు. నికొలస్ ఆయనే, విక్టోరియా ఆయనే, ఆమెని ప్రేమించిన జూలియన్, జూలియన్ తోడబుట్టిన ఎడ్వర్డ్ కూడా ఆయనే. ఎవరు ఎవరో తెలియక కాగితం మీద వేలు పెట్టుకుని విన్నాను. మరి చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో ఒగ్గు కథ వింటే ఏ కాగితం కావాల్సి వచ్చింది? ఒక్క మనిషే ఇప్పుడు మల్లన్న, మరు నిమిషంలో గొంతు మార్చి మేడలమ్మ. వెనక డోలు, తాళాలు. తెల్లవార్లూ సాగినా ఎవరమూ తికమక పడలేదు. మన పాలమూరు వైపే అవుసలికుంట మొగులయ్యగారు, 2022లో పద్మశ్రీ వచ్చిన ఆయనే, పన్నెండు మెట్ల కిన్నెర ఒక్కటి పట్టుకుని పండుగ సాయన్న కథంతా మన కళ్ళముందు నిలబెడతారు. అలవాటైన చెవికి ఏదీ లొల్లి కాదు కాబోలు.

సితారు లాంటి నాదంతో మొదలయ్యే "హోం" అయ్యేసరికి కల్వకుర్తి వచ్చింది. చాయ్‌కి ఆగాం. చాయ్ తర్వాత నా పరువు పోయింది.

తొమ్మిదో పాట "ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ". దాంట్లో మాటల్లేవు. నేను ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్నదాన్ని, మిశ్రచాపు ఏడు, ఖండచాపు ఐదు అని తొడ మీద తాళం వేయబోయాను. ఏడు పట్టుకునేలోగా అది ఐదులోకి దూకింది. ఐదు దొరికేలోగా ఇంకెక్కడికో పోయింది. ఆరు నిమిషాల్లో తాళం వందకు పైగా మార్లు మారుతుందట! మధ్యలో ఉన్నట్టుండి పాత అమెరికా హోటళ్ళలో వాయించే రకం పియానో ఒకటి కులాసాగా వచ్చిపోతుంది. ఆ పియానో ఆయన, జోర్డన్ రూడెస్, తొమ్మిదేళ్ళకే జూలియార్డ్‌లో చేరాడట. నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. మావాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకు నచ్చనివీ ఉన్నాయి. వాయిద్యాలవాళ్ళు అప్పుడప్పుడు కథని గాలికొదిలేసి, ఎవరి వేళ్ళు చురుకో తేల్చుకుందామని పందెం వేసుకున్నట్టు వాయిస్తారు. నా నవలలో అలాంటి పేజీలుంటే ఎడిటరుగారు కొట్టేసేవారు. అంతకంటే పెద్ద ఫిర్యాదు విక్టోరియా గురించి. ఇద్దరన్నదమ్ములు ఆమె కోసం కొట్టుకుంటారు, ఇంకో జన్మలో ఇంకో మగవాడు ఆమెని తలుచుకుంటాడు. ఆమెకేం కావాలో ఆమెచేత నోరారా చెప్పించింది తక్కువ. ఓ పాట పేరు "త్రూ హర్ ఐస్", ఆమె కళ్ళతో అని. తీరా వింటే ఆమె సమాధి దగ్గర నిలబడి చూసేవి అతని కళ్ళు! నేను రాస్తే ఆ పిల్ల చేత రెండు ప్రకరణాలు చెప్పించి ఉందును.

పదకొండో పాట "ది స్పిరిట్ క్యారీస్ ఆన్" దగ్గర మాత్రం నా ఫిర్యాదులన్నీ ఆగిపోయాయి. మోత తగ్గి, పియానో వెంట గొంతు నెమ్మదిగా వస్తుంది. చివర్లో చర్చిలో పాడినట్టు బృందమంతా గొంతు కలుపుతుంది. పోయినవాళ్ళు పూర్తిగా పోరనీ, చావంటే ఇక భయం లేదనీ ఆ పాట సారం. వెనక సీట్లో అమ్మ ఇత్తడి గుండిగ కారు కుదుపుకి ఖంగుమంటోంది. మావాడు అద్దంలోంచి నా మొహం చూసి, ఏమీ అనకుండా ధ్వని కాస్త పెంచాడు. తగ్గించకుండా పెంచినందుకు వాణ్ణి మెచ్చుకున్నాను.

ఆఖరి పాటలో 1928 నాటి హత్య మళ్ళీ జరుగుతుంది, ఈసారి నిజంగా జరిగినట్టు. అంతకుముందు ఆరో పాటలో దినపత్రిక రాసిందంతా అబద్ధమని తేలుతుంది. హంతకుడు దొరికాడని మనం నిమ్మళించేలోగా కథ మళ్ళీ ఇప్పటి కాలానికొస్తుంది. ఆ హంతకుడు ఈ జన్మలో ఎవరో అప్పుడు తెలుస్తుంది. పేరు నేనూ రాయను. మొదటి పాటనుంచీ మన చెవిలోనే ఉన్నాడని మాత్రం చెప్తాను. ఇరవై ఏళ్ళుగా సీరియళ్ళు రాస్తున్నదాన్ని, ఒళ్ళు జల్లుమంది. కాస్త అసూయ కూడా కలిగింది. చివరికి పాటా మాటా ఏమీ లేకుండా గరగరమని ఒక చప్పుడు మిగులుతుంది.

దేవరకొండ ఇంకా రాలేదు. చేలమీద ఎండ వాలుతోంది. డాలస్‌లో పొద్దున్నే అయి ఉంటుంది.

"ఏందక్కా, మళ్ళా సంతకమా?" అన్నాడు తమ్ముడు ఫోనెత్తగానే.

"ఎవరు చంపిండో కనిపెట్టిన" అన్నాను.

అటునుంచి చాలాసేపు చప్పుడు లేదు. నేను పేరు చెప్పాను. తర్వాతి జన్మలో ఎవరో కూడా చెప్పాను.

"ఆ కాగితం ఎక్కడ దొరికిందే నీకు?" అన్నాడు. గొంతు మారింది.

"సజ్జమీద. గుండిగ వెనక. విక్టోరియాకు మాత్రం అన్యాయం చేసిన్రు రా" అన్నాను.

"నువ్వట్లంటవని నాకు అప్పుడే తెలుసు" అని నవ్వాడు. "ఆఖరు చప్పుడు దాంక ఇన్నవా? ఆ చప్పుడుతోనే 2002ల వచ్చిన వాళ్ళ ఇంకో ఆల్బం మొదలైతదక్కా. ఆ సీడీ గూడ అదే పెట్టెల ఉండాలె, చూడు."

మావాణ్ణి కారు పక్కకి తీయమన్నాను. దిగి, వెనక తలుపు తెరిచి, జాడీల కింద ఇరుక్కున్న ఆ పెట్టెని లాగాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని ఒక్కొక్క సీడీ పేరు పైకి చదువుతూంటే, వాడు అక్కణ్ణుంచి "అది కాదు... అదీ కాదు..." అంటున్నాడు.