ఫిసల్‌బండ చుక్కల లెక్క

చార్మినార్ దగ్గర ఎక్కిన ఆటో సంతోష్‌నగర్ దాటేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఫిసల్‌బండ. ఉర్దూ 'ఫిసల్' (జారుడు)కు తెలుగు 'బండ' అతికినట్టున్న పేరు, పాతబస్తీకి తగ్గట్టే ఉంది. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ ఇక్కడి తన ఎస్టేట్ కోసం 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించాడు. అలా మొదలైంది నిజామియా వేధశాల.

"చుక్కలు చూసే బంగళా ఎటు చాచా?" అని చాయ్ కొట్టు పెద్దాయన్ని అడిగాను.

"వో తో బేగంపేట్ మే హై, బేటా."

తప్పేం చెప్పలేదు. నవాబు పోయాక 1908లో సర్కారు దాన్ని తీసుకుని బేగంపేటకు తరలించింది. నాకిక్కడ గుమ్మటమేదీ కనబడలేదు. చాయ్ మాత్రం బాగుంది.

ఇంత దూరం రావడానికి కారణం నా సిగ్గు. పదిహేనేళ్ళ కిందట రాసిన వాన నమూనా ప్రోగ్రాంను నిరుడు మళ్ళీ నడపబోతే నడవలేదు. కంపైలర్ మారిపోయింది. వాడిన లైబ్రరీ ఏ వెర్షనో నేనే రాసిపెట్టుకోలేదు. పేపర్లో గ్రాఫు నిక్షేపంలా ఉంది, అదెలా వచ్చిందో చెప్పే దిక్కే లేదు.

నిజామియా వాళ్ళు అలా చేయలేదు. 1887లో పారిస్‌లో కూర్చుని దేశదేశాల వేధశాలలు ఆకాశమంతా ఫొటోలు తీయాలని తీర్మానించుకున్నాయి, ఆ తర్వాత ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగోకు పడ్డ దక్షిణపు 17-23 డిగ్రీల పట్టీ చివరికి హైదరాబాద్ చేతికొచ్చింది. వేధశాల అధిపతి పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్ ఆ పని నడిపించారు. గాజుపలక మీద చుక్కలతోపాటు 5 మిల్లీమీటర్ల గడులు కూడా అచ్చుపడేవి. ఏ చుక్క ఏ గడిలో ఎంత లోపలికుందో మైక్రోస్కోపుకు కన్ను ఆనించి కొలవాలి. ఒకటా రెండా, లక్షల చుక్కలు! పుస్తకాల్లో అచ్చేసింది ఆ పచ్చి కొలతల్ని, వాటిని ఆకాశంలోని స్థానాలుగా మార్చుకోవడానికి పలక పలకకూ కావలసిన స్థిరాంకాల్ని.

ఆ స్థిరాంకాలు, ముందే స్థానం తెలిసిన ఆనాటి ఆధార నక్షత్రాలంత నమ్మకమైనవే, అంటే అంతంతమాత్రం. అయినా ఫరవాలేదు, కొలతలున్నాయి. 1990లలో అమెరికా నౌకాదళ వేధశాల వాళ్ళు అన్ని పట్టీల కొలతలతో లెక్క మళ్ళీ మొదట్నుంచీ కట్టి, 46 లక్షల చుక్కల ఏసీ 2000 పట్టిక తెచ్చారు. దాని పక్కన హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలు పెడితే ఇన్ని దశాబ్దాల్లో ఏ చుక్క ఎటు జరిగిందో తేలింది. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల చుక్కల కదలిక ఉంది. గాజుపలకల కొలతలు అందులోకీ వెళ్ళాయి.

గ్లాసు పక్కకు జరిపి నోటుబుక్ తీశాను. నా ప్రోగ్రాంకు ఆనాడు ఇచ్చిన అంకెలు గుర్తున్నంత మేరకు రాయబోయి, నాలుగో దాని దగ్గర ఆగిపోయాను.