కాలు అందేంత దూరం

ముందు ఒక గోడ కావాలి. పిరుదులూ వీపూ గోడకి ఆనేలా నేల మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, పాదాలు నిటారుగా పెట్టాలి. గోడ దగ్గర్నుంచి అరికాలి దాకా ఎంతుందో ఇంకొకరు టేపుతో కొలవాలి. రికంబెంట్ సైకిళ్ళవాళ్ళు ఈ కొలతని ఎక్స్-సీమ్ అంటారు. మామూలు సైకిలుకైతే మనిషిని నిలబెట్టి కాలి పొడుగు చూస్తారు. రికంబెంట్ మీద కూర్చోవడం పడక్కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. వీపు వెనక్కి వాలుతుంది, కాళ్ళు ముందుకి చాచుకుంటాయి, పెడళ్ళు కాళ్ళ కింద కాకుండా ఎదురుగా, ముందు చక్రం పైన ఉంటాయి. అందుకని కొలత కూడా కూర్చోబెట్టే తీసుకోవాలి.

మా అక్క ఎత్తు 147 సెంటీమీటర్లు. గోడ దగ్గర కొలిస్తే 91 వచ్చింది. ఆమె కోసం కొన్న పాత బండిని అంతకుముందు ఆరడుగుల మనిషి తొక్కాడు. ఆ ఎత్తువాళ్ళకి ఇదే కొలత ఇంచుమించు 113 ఉంటుంది. ఇద్దరికీ తేడా 22 సెంటీమీటర్లు, దాదాపు జానెడు. సీట్లో వీపు ఆనించి కూర్చుంటే అక్క కాలి వేళ్ళు కూడా పెడళ్ళ దాకా పోలేదు. కాస్త ముందుకి జారి కూర్చుంటే అందుతాయని ఒకరు చెప్పారు. చెప్పినవాళ్ళది మంచి మనసే కానీ, ఈ బండి విషయంలో అంతకంటే హాని చేసే సలహా ఇంకోటి లేదు.

మామూలు సైకిలు మీద గట్టిగా తొక్కాలంటే లేచి నిలబడి ఒంటి బరువుని పెడలు మీద వేస్తాం. ఇక్కడ లేవడం కుదరదు. బరువు సీటు మోస్తుంది; పెడలుని నెట్టేది తొడ కండరం, ఆ నెట్టుడికి ఎదురు నిలబడేది వీపు వెనకాల సీటు. గోడకి వీపు ఆనించి బీరువాని కాళ్ళతో తోస్తే ఎంత బలం వస్తుందో ఇక్కడా అంతే వస్తుంది. ఒక్కోసారి అది ఒంటి బరువుని మించిపోతుంది. నడుముకీ సీటుకీ మధ్య ఖాళీ వదిలి కూర్చుంటే ఆ బలమంతా గాల్లో వేలాడుతున్న వెన్నుపూస మీద పడుతుంది. అక్క ఈ బండికి వచ్చిందే మణికట్లూ మెడా నెప్పి పెట్టి మామూలు సైకిలు వదిలేయాల్సి వచ్చి. చేతుల మీద బరువు పడకూడదని ఎక్కిన బండి మీద నడుము పోగొట్టుకోవడం ఎంత అన్యాయం!

బండికి తగ్గట్టు ఒళ్ళు వంచుకోవడం మన తరానికి అలవాటే. ఇంట్లో ఉన్న నాన్న సైకిలుకి సీటు అందకపోతే ఫ్రేము సందులోంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి, ఊరంతా తిరిగాం. గంటకింతని తీసుకునే అద్దె షాపులో చిన్న సైకిలు ఒక్కటే ఉంటే దాని కోసం ఎంతమందిమి కాచుకుని ఉండేవాళ్ళమో! పదేళ్ళ ఒళ్ళు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. అరవై దాటిన ఒళ్ళు అలా తిరగదు, తిరగమనకూడదు కూడా. బండే వంగి రావాలి. అది రాగలదా, ఎంతవరకు రాగలదు అన్నదే నాకు పట్టిన ఆలోచన.

ఈ జాతి సైకిలు చరిత్రలోనే ఒక చిన్నపిల్లాడున్నాడు. పారిస్ పక్కన ప్యూటోలో చార్ల్స్ మోషే అనే ఆయన ఉండేవాడు. కొడుక్కి సైకిలు ప్రమాదమని తల్లి భయపడితే, ఆయన పిల్లాడి కోసం నాలుగు చక్రాలతో తొక్కే బండి ఒకటి చేశాడు. దాని నుంచి పెద్దవాళ్ళు ఇద్దరు కూర్చుని తొక్కే వెలోకార్ వచ్చింది. ఆ తర్వాత అదే వాలు భంగిమని రెండు చక్రాల మీదికి తెచ్చాడు. 1933 జూలై 7న ఫ్రాన్సిస్ ఫోర్ అనే రెండో శ్రేణి పోటీదారు ఆ బండి మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, ఆస్కార్ ఎగ్ పేర 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డుని దాటాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీ సైకిలు అంటే ఏమిటో కొత్తగా నిర్వచించింది. సీటుకీ పెడళ్ళ ఇరుసుకీ మధ్య ఎంత ఎడం ఉండవచ్చో కూడా అందులో రాసింది. దాంతో మోషే బండి పోటీల బయటికి వెళ్ళిపోయింది. మోషే కూడా ఆ 1934లోనే పోయాడు. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే ఇవాళ ఈ బండ్లు ప్రతి కొలతలోనూ దొరికేవని నా నమ్మకం. పెద్ద కంపెనీలు వీటి జోలికి పెద్దగా రాలేదు. చిన్న వర్క్‌షాపులు చేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. మామూలు సైకిలుకి అరడజను ఫ్రేము సైజులుంటే ఇక్కడ చాలా మోడళ్ళకి ఒకటో రెండో. మిగతాదంతా జరుపుకుని సరిచేసుకోవడమే.

జరిగేది బూమ్. పెడళ్ళున్న ముందు గొట్టం అసలు ఫ్రేము గొట్టంలోకి దూరి ఉంటుంది. బిగించిన బోల్టులు అలెన్ కీతో వదులు చేస్తే లోపలికీ బయటికీ జరుగుతుంది. వినడానికి ఇంతే. కానీ ఇది కొంచెం జరిగినా దాని వెంట జరగాల్సినవి చాలా ఉన్నాయి. చైను ముందుకి వెళ్ళాలి, తిరిగి వెనక్కి రావాలి కాబట్టి బూమ్ ఒక సెంటీమీటరు లోపలికి పోతే చైను రెండు సెంటీమీటర్లు వదులవుతుంది. మా బండికి బూమ్‌ని 18 సెంటీమీటర్లు లోపలికి నెట్టగలిగాం. ఆపైన లోపలి చివర తగిలి ఆగిపోయింది. అంటే 36 సెంటీమీటర్ల చైను తీసేయాలి. చైనులో ఒక్కో పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. లెక్కకి 28 లింకులు. తీసేముందు చైనుని ముందూ వెనకా పెద్ద పళ్ళచక్రాల మీద వేసి, వెనక గేరు చెయ్యి తెగేలా లాగబడటం లేదని చూసుకోవాలి. బూమ్ మీద ముందు గేరు మార్చే మరకి వెళ్ళే కేబులు గొట్టం కూడా పొడుగైపోయి ఉబ్బుతుంది. దాన్ని కత్తిరించకపోతే హ్యాండిల్ తిరిగినప్పుడల్లా ఎక్కడో తట్టుకుంటుంది.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. గుండ్రటి గొట్టం గొట్టంలో జరిగేటప్పుడు పిసరంత తిరుగుతుంది కూడా. అప్పుడు పెడళ్ళ ఇరుసు ఒక పక్కకి వాలి ఒక మోకాలు మెలిపడుతుంది. ఆ మోకాలి నెప్పికి కారణం ఎంత వెతికినా దొరకదు. బిగించేముందు బండికి ఎదురుగా నిలబడి, గేరు పట్టిన గొట్టమూ హ్యాండిల్ గొట్టమూ ఒకే వరసలో ఉన్నాయా అని ఒంటి కంటితో చూడాలి.

18 పోగా ఇంకా నాలుగు సెంటీమీటర్లు మిగిలాయి. ఇలాంటప్పుడు బూమ్ లోపలి చివరని రంపంతో కోసేవాళ్ళున్నారు. తయారుచేసినవాళ్ళని అడగకుండా ఆ పని చేయకూడదు. గొట్టం ఫ్రేములో కనీసం ఎంత దూరి ఉండాలో వాళ్ళకే తెలుసు. పైగా కోసినది మళ్ళీ అతకదు. మేం కోయలేదు. మిగిలిన దూరాన్ని క్రాంకులో వెతికాం. పొట్టివాళ్ళ విషయంలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యే భాగం అదేనని నేను గట్టిగా చెప్పగలను.

క్రాంకు అంటే పెడలుని ఇరుసుకి కలిపే చెయ్యి. చాలా బండ్లకి 170 మిల్లీమీటర్లదే వస్తుంది, బండి ఎక్కేది ఆరడుగుల మనిషైనా అయిదడుగులు లేని మనిషైనా. 170 తీసి 150 వేస్తే పెడలు అన్నిటికంటే దూరం వెళ్ళే చోటు 20 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. అన్నిటికంటే దగ్గరకొచ్చే చోటు 20 మిల్లీమీటర్లు దూరమవుతుంది. అంటే కాలు అందడం ఒక్కటే కాదు, మోకాలు ఛాతీ వైపు ముడుచుకోవడం కూడా తగ్గుతుంది. పొట్టి కాలికి 170 క్రాంకు వేస్తే ప్రతి చుట్టులోనూ మోకాలు మరీ మడిచి, ఆ మడత మీదే నెట్టాలి. మోకాలిచిప్ప ముందు నెప్పి అక్కడే మొదలవుతుంది. చిన్న క్రాంకుతో బలం తగ్గిపోతుందని ఒక భయం ఉంది. 2001లో మార్టిన్, స్పిర్డూసో అనే పరిశోధకులు 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా ఐదు పొడుగుల క్రాంకులతో గరిష్ఠ శక్తిని కొలిచారు. 145కీ 170కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు చివర్లలో మాత్రమే కొద్దిగా తగ్గింది.

అయితే ఒక లెక్క సరిచేసుకోవాలి. క్రాంకు చిన్నదైతే అదే గేరులో పెడలు మీద 13 శాతం ఎక్కువ బలం పెట్టాలి. లేచి నిలబడి తొక్కే దారి లేని బండి మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ 13 శాతం మోకాలికి తెలుస్తుంది. అందుకని ముందున్న చిన్న పళ్ళచక్రం 30 పళ్ళది తీసేసి 26 పళ్ళది వేయించాం. లెక్క సరిపోయి ఇంకాస్త మిగిలింది కూడా. క్రాంకు మార్చి గేరు మార్చకుండా వదిలేసిన బండి సగం పని చేసిన బండే. పెడళ్ళు విప్పేటప్పుడు ఎడమ పెడలు మర తలకిందులుగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. దాన్ని మామూలుగా వదులు చేసే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది.

చివరి రెండు సెంటీమీటర్లు సీటు ఇచ్చింది. సీటు కింద బిగించే పట్టీల్లో పొడుగాటి గాడి ఉంది, ముందుకి జరిగింది. వీపు వెనక దిండు పెట్టుకోవడం ఇంకా తేలిక, ఖర్చు లేదు. కాకపోతే మెత్తటి దిండు ప్రతి నెట్టుడికీ లోపలికి కుంగుతుంది. పెట్టిన బలంలో కొంత దిండే మింగేస్తుంది, కాలు అందే దూరం ప్రతి చుట్టుకీ మారుతుంది. ఎంత జరపాలో తెలుసుకోవడానికి దిండు వాడుకుని, తెలిశాక తీసేయడం మేలు.

దూరం సరిపోయిందో లేదో మడమ చెబుతుంది. వీపు పూర్తిగా ఆనించి, మడమని పెడలు మీద పెట్టి, దూరపు చివరికి తిప్పితే మోకాలు సరిగ్గా చాచుకోవాలి, బిగుసుకోకూడదు. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే కొద్దిగా వంపు మిగులుతుంది. అక్క మడమ పెట్టి తిప్పింది. నడుము ఆడుతోందా అని నేను పక్కన కూర్చుని చూశాను.

"ఒరేయ్, వీపు ఎక్కడికీ పోవట్లేదురా" అంది.

ఆ మాట కోసమే ఇంత పనీ. పాదాలకి తిమ్మిరెక్కడం రికంబెంట్ మీద మామూలే. గుండె కంటే అంత కిందికి లేని పాదంలోకి రక్తం తక్కువ దిగుతుందని కొందరంటారు. అదెలా ఉన్నా బూటు కింద పెడలుకి తగులుకునే క్లీటుని అరికాలి మధ్య వైపు జరిపితే చాలామందికి తగ్గుతుంది. అలా జరిపితే కాలు అందే దూరం మళ్ళీ కొంచెం తగ్గుతుంది కాబట్టి దాన్ని కొలతల కంటే ముందే తేల్చుకోవాలి.

ఆగినప్పుడు పాదం నేలకి ఆనడం వేరే సమస్య. రెండు చక్రాలూ 26 అంగుళాల ఎత్తు బండి అక్కకి వద్దే వద్దని ముందే అనుకున్నాం. మాది రెండూ 20 అంగుళాల చక్రాలది, సీటు కిందికి ఉంటుంది. అయినా సీటు ముందంచు వెడల్పుగా, మందంగా ఉంటే తొడలు పైకి లేచి మడమలు నేలకి రావు. తొడ కింద నరాలు కూడా ఒత్తుకుంటాయి. ముందంచులో నురగని పలచగా చెక్కించి, మూలలు గుండ్రం చేయించాం. వీపు పలకని కాస్త నిటారుగా ఎత్తితే మూడు మేళ్ళు జరిగాయి: పాదం ఆనింది, చేతులు హ్యాండిల్‌కి చాచకుండా అందాయి, మోకాళ్ళ మీదుగా దారి కనిపించింది. పడుకుని గాలిని చీల్చుకుంటూ పోయే వేగం కావాల్సినవాళ్ళు ఇంకా వాల్చుకోవచ్చు. ఒహాయోలో డేటన్ నుంచి జీనియా వైపు, పాత రైలు పట్టాల జాడలో వేసిన సైకిలు బాటల మీద నెమ్మదిగా వెళ్ళే మనిషికి ఎదర ఏముందో కనబడటం ముఖ్యం.

మూడు చక్రాల రికంబెంట్ అయితే నేలకి కాలు ఆనాల్సిన అవసరమే ఉండదు, పొట్టివాళ్ళకి అది నిజంగా పెద్ద సుఖం. కానీ అందులో పెడలు మీంచి జారిన పాదం నేలకి తగిలి బండి కిందికి లాక్కుపోయే ప్రమాదం ఉంది. పాదాన్ని పట్టి ఉంచే పట్టీ లేకుండా దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.

బూమ్ లోపలికి పోవడంతో మా బండికి ఒక కొత్త చిక్కు వచ్చింది. పెడళ్ళు ముందు చక్రానికి దగ్గరయ్యాయి. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు చక్రం పక్కకి వచ్చి మడమకి తగలొచ్చు. చిన్న క్రాంకు ఇక్కడ కూడా కాపాడింది, కానీ పూర్తిగా కాదు. ఇరుకు మలుపుల్లో తొక్కడం ఆపి బండిని దాని ఊపున పోనివ్వడం అక్క ఖాళీ పార్కింగ్ స్థలంలో నేర్చుకుంది. బ్రేకు లివర్ల మీదుండే చిన్న స్క్రూలు తిప్పి వాటిని హ్యాండిల్‌కి దగ్గర చేశాం. ఆ స్క్రూ ఉందని కూడా తెలియక చిన్న చేతులవాళ్ళు ఏళ్ళ తరబడి వేళ్ళ చివర్లతో బ్రేకు నొక్కుతుంటారు.

బూమ్ మీద ఇప్పుడున్న చోట పెయింటుతో ఒక గీత గీశాం. తీసిన చైను ముక్కని నూనె రాసి గరాజులో దాచాం. బావ కూడా ఒకసారి ఎక్కుతానన్నాడు. గోడ దగ్గర కూర్చోబెట్టి కొలిస్తే 107. మామూలు సైకిలైతే సీటు పైకి లాగి ఇచ్చేయొచ్చు. ఈ బండికి బూమ్ జరపాలి, చైను కలపాలి, కేబులు గొట్టం మళ్ళీ పొడుగుది వేయాలి, ఆయన దిగాక అన్నీ తిరిగి వెనక్కి తేవాలి. అందుకని ఆయనకి వేరే బండి చూస్తున్నాం.