పిక్క మీది దెబ్బ

డిసెంబరు వచ్చిందంటే మా క్యాజువాలిటీలో ఎర్రబట్టలు కనిపిస్తాయి. దీక్ష విరమణకు ఇరుముడితో బెజవాడ దుర్గమ్మ దగ్గరికి నడిచివెళ్లే భవానీలు వాళ్లు. తాడేపల్లిగూడెం వైపు పాతరోడ్డున వచ్చినా, దేవరపల్లి వైపు కొత్త హైవేన వచ్చినా గుండుగొలను దగ్గర కలిసి ఏలూరు మీదుగా పోవాల్సిందే. ద్వారకా తిరుమల వెళ్లేవాళ్లు భీమడోలులో మళ్లుతారు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు మరికొందరు నడుస్తారు. దేవుడు ఎవరైనా గాయాలు ఒకటే.

ఎక్కువమందివి బొబ్బలే. కట్టుకట్టి పంపేస్తాం. షుగరున్నవాళ్లను మాత్రం పంపను. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణం ఎండలో ఉత్తకాళ్లతో నడిచిన చేపలచెరువు కాపలాదారు ఒకాయన అరికాలి చర్మం అట్టలా లేచిపోయి వచ్చాడు. "నొప్పేం లేదు బాబుగారూ, అంతా అమ్మ దయ" అన్నాడు. నొప్పి తెలియకపోవడమే జబ్బని, షుగరు కాళ్ల నరాలను తినేసిందని ఆయనకు నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

అసలు భయం తెల్లవారుజామున వచ్చే కేసులతో. ఎండ తగలకూడదని వీళ్లు రెండుగంటలకే లేచి బయల్దేరతారు. రాత్రంతా బండి నడిపిన డ్రైవరుకు కళ్లు మూతలుపడేదీ ఆ వేళే. పైగా మా ప్రాంతంలో కాలువలు, చెరువుల తడికి మంచు దట్టంగా కమ్ముతుంది. ఒక కుర్రాడికి మోకాలి కింద రెండెముకలూ విరిగాయి. "బండిని చూశావా?" అంటే "లేదు సార్, భజన పాడుకుంటూ పోతున్నాం" అన్నాడు. దెబ్బ ముందువైపు కాదు, పిక్క మీద ఉంది, అంటే బండి వెనకనుంచి వచ్చింది. గట్టిగా బ్రేకు వేస్తే కారు ముక్కు కిందికి వంగుతుంది, బంపరు చీలమండ వైపు దిగి తగులుతుంది. ఇతనికి మోకాలికి దగ్గరగా తగిలింది. అసలు బ్రేకే పడి ఉండదని నా అనుమానం.

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మనిషిని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఒకటిన్నర సెకన్లు, అంటే ముప్పై మీటర్లకు పైగా అయిపోతాయి. మసక వెలుతుర్లో మన కంటికి ఎరుపు నల్లగా కనిపిస్తుంది. పగలు మైలు దూరానికి ఆనే భవానీ బట్టలు నాలుగింటప్పుడు అయ్యప్పల నల్లబట్టలతో సమానం. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు.

చిన్నప్పుడు బళ్లో ఎడమపక్కన నడవమని నేర్పారు. కానీ ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవాలి. లైటు కళ్లలో పడితే మట్టిలోకైనా దూకొచ్చు. కుర్రాడితో వచ్చిన బృందం పెద్ద గురుభవానికి ఇదే చెప్పాను. "అమ్మ చూసుకుంటుంది సార్" అన్నాడాయన. "చూసుకుంటుంది భవానీ, డ్రైవరుకు మీరు కనపడాలి కదా" అన్నాను. రోడ్డు పనివాళ్లు వేసుకునే మెరిసే జాకెట్లు వరస ముందొకరికి, వెనకొకరికి వేస్తే దీక్షకు భంగమా అని అడిగాను. ఆలోచించి, కాదన్నాడు.

దెబ్బ తగిలాక జరిగేది ఇంకో కథ. కాళ్లూచేతులూ పట్టుకుని ఎత్తి ఆటోలో పడేస్తారు, నోట్లో నీళ్లు పోస్తారు. స్పృహ సరిగా లేనివాడికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ కదపకుండా 108 అంబులెన్సు వచ్చేదాకా పక్కనుంటే చాలు. కేసులో ఇరుక్కుంటామని జంకేవాళ్లకు చెబుతున్నాను, సదుద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే సెక్షన్ 134ఏ చేర్చారు.

మరుసటి ఏడాది ఆ గురుభవాని బృందం కుడిపక్కనే నడిచింది. ఆయన ఫోను చేసి కొత్త ఫిర్యాదు చెప్పాడు. మార్జిన్‌లో ఐసు నీళ్లు కారే చేపల లారీలు ఆగి ఉంటున్నాయట, వాటిని తప్పించుకోవాలంటే రోడ్డు మీదికే రావాలట. దానికితోడు రాంగ్‌రూటు బైకులు. "ఇవి మళ్లీ వెనకనుంచే వస్తున్నాయి సార్, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. లారీ దాటేటప్పుడు వెనకవాడు టార్చి ఊపుతూ ఉండాలని, ఒకరి వెనక ఒకరు రావాలని చెప్పాను. బైకుల సంగతి నాకూ తోచలేదు.