గుండెదడ – గిట్టుబాటు ధర

మిరప చేలో నీళ్లు కడుతుంటే కాళ్ల దగ్గర పాము కదిలిందనుకోండి. మనం ఆలోచించేలోపే కాళ్లు వెనక్కి దూకుతాయి. సింపథెటిక్ నాడులు మేల్కొంటాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. పోట్లాడటానికో పారిపోవటానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ 1915లో రాశాడు.

పాము పుట్టలోకి పోయాక అన్నిటినీ సర్దేది పారాసింపథెటిక్ వ్యవస్థ. అందులో పెద్దది, మెదడు అడుగు నుంచి గుండె, కడుపు దాకా దిగే వేగస్ నాడి. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకున్న వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందించాడు. రెండో గుండె కూడా నెమ్మదించింది! ఆ ద్రవంలోని పదార్థం ఎసిటైల్ కోలిన్ అని తర్వాత తేలింది. ఎద్దుకు పగ్గం ఎలాగో గుండెకు వేగస్ అలాగ.

అయితే మా వైపు రైతును వెంటాడేది పాము కాదు, అప్పు. అది పుట్టలోకి పోదు. విత్తనం వేసిన నాటి నుంచి గుంటూరు యార్డులో టిక్కీలు దించి ధర తెలిసేదాకా పక్కలోనే పడుకుంటుంది. అమ్మ అన్నం పెడితే మా నాన్న "ఆకల్లేదే" అంటాడు. కాయలు కల్లంలో ఉన్నన్నాళ్లూ అర్ధరాత్రి లేచి మంచం మీద కూర్చుంటాడు. అడిగితే, "నాకేం జబ్బురా, మబ్బు పట్టింది, అంతే" అంటాడు. నెలల తరబడి కార్టిజాల్ దిగకపోతే నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది.

1987-88లో తెల్లదోమ పత్తిని పాడుచేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పుల పాలైన రైతులు కొందరు ప్రాణాలే తీసుకున్నారు. పురుగుకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులదీ ఒక విచిత్రం. ఎసిటైల్ కోలిన్‌ను విడగొట్టే ఎంజైమును అవి పనిచేయనివ్వవు. గుండెను నెమ్మదింపజేసే పదార్థమే ఒంట్లో పేరుకుని ప్రమాదమవుతుంది. మందు కొట్టినవాడికి చొంగ కారినా, చూపు మసకబారినా, ఊపిరి ఆడకపోయినా ఎండదెబ్బ అనుకోక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నెమ్మదిగా, దీర్ఘంగా ఊపిరి వదిలితే వేగస్ చురుకై గుండె నెమ్మదిస్తుంది. ఈ సంగతి నాన్నకు నేర్పాను. రెండు నిమిషాలు చేసి, "బాగానే ఉందిరా, మరి వడ్డీ కూడా నెమ్మదిస్తుందా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఫిజియాలజీ పుస్తకంలో జవాబు లేదు. గిట్టుబాటు ధర, వేళకు అందే పంట బీమా, తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు – ఇవి కూడా రైతు గుండెకు మందులేనని నా నమ్మకం. మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్న "నాకేం లేదు" అంటే వెంటనే నమ్మకండి. కాసేపు పక్కన కూర్చోండి. ఒకసారి బి.పి. కూడా చూపించండి.