డప్పు చెప్పని పేరు

మొన్న క్లాసులో ఒక కుర్రాడు లేచి, "సార్, కాకతీయుల కాలంలో టెలిగ్రాఫు సాధ్యమయ్యేదా?" అని అడిగాడు. తెలుగు పాఠంలో ఇదేం ప్రశ్న! నవ్వి కూర్చోబెట్టాను గాని, ఇంటికి వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మా వేంసూరు గుర్తుకొచ్చింది.

నా చిన్నతనంలో ఒక సాయంత్రం చావు డప్పు మోగింది. నాయనమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. అదే ఊళ్లో ఆమె అన్నగారు నెల రోజులుగా మంచం పట్టి ఉన్నారు. ఎవరో పోయారని డప్పు చెప్పింది, పేరు చెప్పలేదు. ఎదురొచ్చిన మనిషి "మీ అన్న కాదమ్మా" అనేదాకా ఆమె ముఖంలో నెత్తురు లేదు.

గోల్కొండలోనూ అంతే కదా! ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే, కిలోమీటరు దూరాన కొండమీది బాలా హిస్సారులో వినిపిస్తుంది. ముందుగా అనుకున్న సంకేతమైతే సరే. కొత్త మాట మాత్రం దాటదు.

కొత్త మాట దాటడానికి కరెంటే కావాలా? అక్కరలేదు. 1794లో ఫ్రాన్సులో క్లోద్ షాప్ పారిస్ నుంచి లీల్ దాకా, 200 కిలోమీటర్లకు పైగా, గోపురాల మీదుగా వార్తలు పంపాడు. కొయ్య చేతులు, తాళ్లు, దుర్భిణి - ఇవే సరంజామా. చేతుల భంగిమలను బట్టి పుస్తకంలో మాట వెతుక్కునేవారు. దుర్భిణి లేని కాలమైతే గోపురాలు మరింత దగ్గరగా కట్టుకోవాలి, అంతే. ఇక కరెంటు తంతి సంగతంటారా, 1839లో కలకత్తాలో ఓషానెసీ దొర వెదుళ్లకు తీగ కట్టే ప్రయోగం చేశాడు. వెదుళ్లకు మా అడవిలో కొదవా!

కొదవల్లా మరొకచోట. గోపురం గోపురానికీ పగలంతా కాపలా మనిషి ఉండాలి. మంచు పడితే పని ఆగుతుంది. అంత ఖర్చు రాజ్యమే భరించాలి. అప్పుడు నడిచేవీ రాజ్యం కబుర్లే. షాప్ గోపురాలు మోసినవి యుద్ధవార్తలు. మన దేశంలో తంతి జనానికి అందింది 1855లో; 2013 జూలైలో అది సెలవు తీసుకుంది.

మర్నాడు ఆ కుర్రాడితో, "సాధ్యమయ్యేదే నాయనా, కాని రాజుగారికి" అన్నాను.

"మరి మీ నాయనమ్మగారి వంటివాళ్లకు, సార్?"

రెండు నెలల తరువాత మళ్లీ డప్పు మోగింది. ఈసారి నాయనమ్మ వీధిలోకి పరుగెత్తలేదు. అన్నగారి మనవడు అంతకు ముందే రొప్పుకుంటూ వచ్చి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.