నేలబారు కబుర్లు

ఇల్లు కట్టిస్తున్నామని తెలిస్తే చాలు, చుట్టాలంతా వాస్తు పండితులైపోతారు. వంటగది ఆగ్నేయంలో ఉందా, మెట్లు ఎటు తిరిగాయి, గేటు ఎవరి నెత్తిన చూస్తోంది అంటూ గంటలు గంటలు చర్చలు నడుస్తాయి. నేల సంగతి వచ్చేసరికి మాత్రం "ఆ, టైల్సేగా!" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి మన ఇళ్ళలో మనిషికి నేలతో ఉన్నంత చుట్టరికం గోడలతో లేదు. ఉత్తకాళ్ళతో తిరిగేది దాని మీదే. కత్తిపీట ముందేసుకుని కూర్చునేదీ, చింతపండు గింజలు తీసేదీ, ఎండాకాలం మధ్యాహ్నం దిండొకటి పడేసుకుని నడుం వాల్చేదీ అక్కడే. చంటివాడు బోర్లాపడి, పాకి, కిందపడిన మరమరాలు ఏరుకుని నోట్లో వేసుకునేదీ అక్కడే. ఇంట్లో కూడా బూట్లతో తిరిగేవాళ్ళకి నేల కంటికి ఇంపుగా ఉంటే సరిపోతుందేమో. మనకది ఒంటికి తగిలే వస్తువు. అయినా కొనేటప్పుడు మనమూ కంటితోనే కొంటున్నాం. నా ఫిర్యాదంతా అదే.

పేడతో అలికిన మట్టినేల అంత చల్లన, ఆరోగ్యం మరొకటి లేదని ఈమధ్య రిసార్టులవాళ్ళు చెబుతున్నారు. అలికిన చేతులనడిగితే వేరే మాట చెబుతాయి. ఎర్రమన్ను తెచ్చి, పేడ కలిపి, నడుం వంచి మూల నుంచి గడప దాకా వెనక్కి వెనక్కి అలుక్కుంటూ రావాలి. ఆరేదాకా ఎవరూ తొక్కకూడదు. వారం తిరిగేసరికి మళ్ళీ మొదలు. వానాకాలం చెమ్మ, ఎండాకాలం దుమ్ము, ఏడాది పొడవునా చెదలు. మా అవ్వ తరం ఆడవాళ్ళు బండపరుపు కావాలని కోరుకున్నది గొప్పకోసం కాదు, నడుంనొప్పి పడలేక.

ఆ బండలకి మా రాయలసీమలో కరువు లేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు ఎటు వెళ్ళినా రోడ్డు పక్కన పలకలు పలకలుగా నిలబెట్టిన నాపరాయే కనిపిస్తుంది. అక్కడ నేలకే కాదు, గోడకి, గూటికి, అరుగుకి, చేలగట్టు మీద కంచెకి కూడా అదే రాయి. మహారాష్ట్ర వెళ్తే వంటగట్టు మీద పరిచే నల్లబండని 'కడప్పా' అనే అంటారు. మన జిల్లా పేరు వాళ్ళ వంటింట్లో రోజూ నలుగుతోందన్నమాట. తెలంగాణలో ఆ పెద్దరికం తాండూరు బండది. నీలం, పసుపు అని రెండు ఛాయల్లో వస్తుంది. సరిహద్దు దాటితే కర్ణాటకలో షాబాద్ బండ. ఇవన్నీ సున్నపురాయి జాతివే. అమరావతి స్తూపానికి చెక్కిన శిల్పాలను ఇంగ్లీషువాళ్ళు పాలరాతి శిల్పాలన్నారు కానీ, అది కూడా పల్నాటి సున్నపురాయే. బుద్ధుడి పాదాలు చెక్కడానికి పనికొచ్చిన జాతి రాయి మన పాదాల కింద పరచుకోవడానికి చవకబారుగా కనిపిస్తోంది! దగ్గర్లో దొరికేదానికి విలువుండదు, ఏం చేస్తాం.

అలాగని దాని గుణాలు పాడుతూ లోపాలు దాచిపెట్టను. సున్నపురాయికి పులుపు పడదు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఎలా ఏర్పడ్డాయి? వాననీళ్ళలో కలిసే కొద్దిపాటి ఆమ్లం వేల వేల ఏళ్ళు ఆ రాతిని కరిగించుకుంటూ పోతే 3 కిలోమీటర్లకి పైగా సొరంగాలు పడ్డాయి. అంత ఓపికగా జరిగిన పనిని బాత్‌రూము కడిగే యాసిడ్ సీసా మన హాల్లో ఒక్క నిమిషంలో మొదలుపెడుతుంది. నిమ్మకాయ చెక్క బోర్లాపడి రాత్రంతా ఉంటే పొద్దున్నకి దాని ముద్ర నేల మీద ఉంటుంది. ఇక రెండో లోపం, ఇది పొరలు పొరలుగా ఉండే రాయి. కింద నుంచి చెమ్మ ఎక్కే చోట, ముఖ్యంగా డెల్టా ఊళ్ళలో, కొన్నాళ్ళకి తెల్లగా ఉప్పు పూస్తుంది, పొలుసులు లేస్తాయి. మూడోది మందం. ఒక బండ అంగుళం ఉంటే పక్కది ముప్పావు. మేస్త్రీ ప్రతి బండ కిందా మాలు ఎక్కువా తక్కువా వేసి, రసమట్టం పెట్టి చూసుకుంటూ పోవాలి. బండ ధర చూసి చవకనుకున్నవాళ్ళు కూలీ, పాలిష్ కలిపాక నోరు తెరుస్తారు.

అయినా నా ఓటు దానికే ఎందుకంటే, దానికి పునర్జన్మ ఉంది. ముప్పై ఏళ్ళు అరిగి, మాసి, గీతలు పడిన తాండూరు నేలకి మిషను పెట్టి మళ్ళీ పాలిష్ పట్టిస్తే కొత్త ముఖంతో లేస్తుంది. మార్బుల్‌కీ, మొజాయిక్‌కీ కూడా ఆ యోగం ఉంది. టైలుకి లేదు. దాని అందమంతా పైపొరలోనే. ఆ పొర పోతే తీసి పారెయ్యడమే.

మొజాయిక్ అంటే గుర్తొచ్చింది. పాత ప్రభుత్వ క్వార్టర్లలో, బ్యాంకుల్లో, బస్టాండుల్లో ఇప్పటికీ కనిపించే ఆ చుక్కల నేల సామాన్యమైన పనితనం కాదు. సిమెంటులో చలువరాతి ముక్కలు కలిపి పోసి, గట్టిపడ్డాక నీళ్ళు పోస్తూ మిషనుతో అరగదీస్తే లోపలి ముక్కలు బయటపడేవి. ఇల్లంతా బూడిదరంగు బురద, చెవులు గింగుర్లెత్తే చప్పుడు. గోదావరి జిల్లాల పాత పెంకుటిళ్ళలో ఎర్రగచ్చు ఉండేది. సిమెంటులో ఎర్రరంగు కలిపి, తాపీతో రుద్ది రుద్ది నునుపు తేల్చి, ఆ తర్వాత రోజుల తరబడి నీళ్ళు నిలగట్టి ఆరనిచ్చేవాళ్ళు. ఏళ్ళ తరబడి అడుగులు పడి, తడిగుడ్డ పెట్టగా పెట్టగా దానికొక నిగారింపు వచ్చేది. ఏ దుకాణంలోనూ దొరకని సరుకు అది. ఇప్పుడు ఆ గచ్చు మళ్ళీ ఫ్యాషనైంది. చేసే చెయ్యి మాత్రం దొరకడం లేదు. తెలియనివాళ్ళతో చేయిస్తే ఆరు నెలల్లో నెరియలు విచ్చుకుంటుంది. బాగా తెలిసిన పనివాడు కళ్ళెదుట ఉంటే తప్ప దాని జోలికి పోవద్దంటాను.

మార్బుల్ మీద నాకు గౌరవం ఉంది, మోజు లేదు. తాజ్‌మహల్‌కి మక్రానా రాయి వాడారంటే వాడారు. షాజహాన్ అందులో పులిహోర కలపలేదు కదా! మన వంటిల్లు పసుపు, చింతపండు, నూనె తిరిగే చోటు. మార్బుల్ కూడా సున్నపురాతి కడుపున పుట్టిందే కాబట్టి పులుపు దానికీ శత్రువే. పైగా తెల్లదనం వల్ల పసుపు మరక దాక్కోవడానికి చోటుండదు. పూజగదిలో వేసుకోండి, ముచ్చటగా ఉంటుంది.

గ్రానైట్ మాత్రం మొండిఘటం. నిమ్మరసాన్ని లెక్కచెయ్యదు, గీతలు పడనివ్వదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వెళ్ళే గెలాక్సీ రాయికి ప్రపంచమంతా గిరాకీ ఉంది. నల్లటి రాతిలో చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో అది అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. బజారు పెట్టిన పేరే దానికి స్థిరపడింది. వంటగట్టుకి, మెట్లకి, గడపకి గ్రానైట్‌ని మించింది లేదు. ఇల్లంతా నల్లటి గ్రానైట్ పరిస్తే మాత్రం ప్రతి అడుగుజాడా, ప్రతి నీటిచుక్కా కనిపిస్తాయి. రోజంతా తుడుచుకుంటూ కూర్చోవాలి.

ఇక ఏ వీధిలోకి వెళ్ళినా ఏలుబడి టైల్సుదే. గుజరాత్‌లోని మోర్బీ ఊరి బట్టీల నుంచి లారీలు దిగని పట్నం మనకి లేదు. మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ పొడుల్ని అచ్చులో నొక్కి సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలిస్తే విట్రిఫైడ్ టైలు. అది తన బరువులో అర శాతం నీటిని కూడా పీల్చదు. అందుకే నూనె, పసుపు, పులుపు ఏవీ ఎక్కవు. మందం ఒకటే, కొలత ఒకటే. పని త్వరగా తెములుతుంది. మధ్యతరగతి ఫ్లాటుకి ఇంతకంటే తెలివైన ఎంపిక లేదన్నవాళ్ళతో నేను వాదించను. వాదన ఉన్నదల్లా ఎలాంటి టైలు కొంటున్నారన్న దగ్గరే. దుకాణంలో అద్దంలా మెరుస్తూ, మార్బుల్ చారలతో కనిపించేదానిలో చాలావరకు పైన అచ్చు వేసిన బొమ్మే. దాన్ని జీవీటీ అంటారు. డబుల్ చార్జ్ అనేదానిలో రంగు 3 మిల్లీమీటర్లదాకా లోపలికి ఉంటుంది, అరుగుదలకి ఎక్కువకాలం నిలుస్తుంది, కాకపోతే డిజైన్లు తక్కువ. జీవీటీ తీసుకుంటే "ఇందులో ఎన్ని ఫేసులున్నాయి?" అని అడగండి. తక్కువుంటే ప్రతి మూడో టైలు మీదా అదే చార, అదే వంపు తిరిగొచ్చి, బొమ్మ సంగతి బయటపడిపోతుంది.

టైలు బాగున్నా వేసే తీరు బాగుండాలి. ఇంటాయన ఒకటే పట్టు: "మేస్త్రీ, సందు కనబడకూడదు, ఒకటే రాయి పరిచినట్టుండాల." మేస్త్రీ తల గోక్కుంటాడు: "కొంచెం సందు ఉండాల సార్, లేకుంటే ఎండలకు లేస్తాది." మేస్త్రీ మాటే నిజం. ఎండకి టైలూ, కింద సిమెంటూ ఒకేలా సాగవు. సాగడానికి చోటు లేనప్పుడు, కింద డొల్లగా ఉన్నప్పుడు, ఏదో ఒక మధ్యాహ్నం ఢామ్మని చప్పుడై రెండు టైల్సు గుడారంలా పైకి లేస్తాయి. ఇంట్లోవాళ్ళు బాంబు పడిందనుకుంటారు. స్పేసరు పెట్టి సందు వదలమనండి, గ్రౌట్ నింపమనండి. పని అయ్యాక నాణెంతో ప్రతి టైలూ తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినవాటిని డబ్బు ఇవ్వకముందే మార్పించండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు సెలవులకి వచ్చి చెక్క నేల వేయించమని తల్లిదండ్రుల్ని తొందరపెడుతుంటారు. అక్కడ అది సబబే. ఇంటి చట్రమే చెక్కది, చలికాలం కాలికి రాయి తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. మన దగ్గర పది నెలలు కాలు చల్లదనాన్నే వెతుక్కుంటుంది. పైగా లామినేట్ పలక లోపల ఉండేది నొక్కిన చెక్కపొట్టు, నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది. శుక్రవారం బిందెలతో నీళ్ళు పోసి కడిగే అలవాటున్న ఇంట్లో దాని ఆయువెంత? ఏసీ వేసే పడగ్గదిలో వేసుకుంటే ఇబ్బంది లేదు. చెదలకి మందు మాత్రం కొట్టించుకోవాలి.

కడగడం అన్నాను కదా, అసలు మార్పు అక్కడే వచ్చింది. పాత ఇళ్ళలో ప్రతి గదికీ ఓ మూల తూము ఉండేది, నేల అటు వాలుగా ఉండేది. నాలుగు బిందెలు గుమ్మరించి కొబ్బరి చీపురుతో తోస్తే నీళ్ళు వాటంతటవే వెళ్ళిపోయేవి. ఇప్పటి ఫ్లాటు హాల్లో తూము లేదు, వాలు లేదు. తడిగుడ్డతో తుడవడమే గతి. తుడిచిన తడి ఆరేలోపు ఎవరో ఒకరు నడుస్తారు. ఆ నడిచేది డెబ్బై ఏళ్ళ పెద్దాయనైతే, కింద ఉన్నది అద్దంలాంటి టైలైతే, తుంటి ఎముక సంగతి దేవుడికే తెలియాలి. ఈ ఒక్క కారణంతో నేను మెరుపు టైల్సుకి పూర్తిగా వ్యతిరేకిని. మెరుపు చూసి మెచ్చుకునేది గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు. భోజనాలయ్యాక వాళ్ళు వెళ్ళిపోతారు, జారుడు మనకి మిగులుతుంది. మ్యాట్ టైలుకి మురికి కాస్త పడుతుంది, తుడవడానికి కాస్త బలం కావాలి, ఒప్పుకుంటాను. విరిగిన ఎముకతో పోలిస్తే అదెంత కష్టం?

టైల్సు పెట్టెల మీద కొన్ని కంపెనీలు ఆర్9, ఆర్10, ఆర్11 అని వేస్తాయి. అంకె పెరిగేకొద్దీ జారుడు తగ్గుతుంది. బాత్‌రూముకి, బాల్కనీకి, వాకిట్లో మెట్లకి పెద్ద అంకె చూసి తీసుకోండి. ఆ అంకె లేకపోతే దుకాణంలోనే చెప్పులు విప్పి, టైలు మీద గ్లాసుడు నీళ్ళు పోయించి నిలబడి చూడండి. సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.

కింది అంతస్తు సొంత ఇల్లైతే, చెమ్మ లేని నేలైతే, మంచి మేస్త్రీ దొరికితే నాపరాయో తాండూరు బండో వేయించమనే చెబుతాను. ఫ్లాటుకి, వంటింటికి మ్యాట్ విట్రిఫైడ్. గట్టుకీ మెట్లకీ గ్రానైట్. ఏది కొన్నా లెక్కకంటే ఒక పెట్టె ఎక్కువే తీసుకుని అటక మీద పెట్టించండి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటేనో కాదో దించుకునేటప్పుడే చూసుకోండి. రెండేళ్ళ తర్వాత ఒక టైలు పగిలి దుకాణానికి వెళ్తే, ఆ డిజైను ఆపేశామంటారు.